139 మెగావాట్ల మోటారు ఎన్ని హెచ్‌పీ?

కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర, భూగర్భంలో కట్టిన గాయత్రి పంప్‌హౌస్‌లో ఏడు భారీ మోటార్లున్నాయి. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో ఇది ఎనిమిదో ప్యాకేజీ. బీహెచ్ఈఎల్ తయారు చేసిన ఈ మోటార్లలో ఒక్కోదాని సామర్థ్యం 139 మెగావాట్లు. మూడు, ఐదు, ఏడున్నర హెచ్‌పీ మోటార్లతో వ్యవసాయం చేసేవాళ్లకు ఈ అంకె అందాలంటే దాన్ని హార్స్‌పవర్‌లోకి మార్చాలి. మారిస్తే ఒకరికి 1,86,402 వస్తుంది, ఇంకొకరికి 1,86,327, మరొకరికి 1,88,987. ముగ్గురి లెక్కలోనూ తప్పు లేదు. ముగ్గురూ వాడిన హెచ్‌పీలు వేరు, అంతే.

చిన్న మోటార్ల దగ్గర ఈ తేడా ఎవరికీ కనిపించదు. ఐదు హెచ్‌పీ మోటారును ఏ లెక్కన చూసినా 3.7 కిలోవాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. మెగావాట్లలోకి వెళ్లేసరికి అదే ఒకటిన్నర శాతం తేడా 2,585 హెచ్‌పీ అవుతుంది. అంటే ఒక మోటారు లెక్కలోనే ఐదు వందలకు పైగా పంపుసెట్లు అటూ ఇటూ అవుతాయి.

ఏ హెచ్‌పీ?

18వ శతాబ్దం చివర్లో ఆవిరి యంత్రాలు అమ్మడానికి జేమ్స్ వాట్ పెట్టిన కొలతే అశ్వశక్తి. మర తిప్పే గుర్రం 12 అడుగుల వ్యాసార్ధమున్న వృత్తంలో గంటకు 144 చుట్లు తిరుగుతూ 180 పౌండ్ల బలంతో లాగుతుందని ఆయన లెక్క. అలా నిమిషానికి 32,572 అడుగు-పౌండ్లు వస్తే దాన్ని 33,000కు సరిచేశారు. సెకనుకు 550 అడుగు-పౌండ్లు. వాట్లలో చెబితే 745.7. దీన్నే మెకానికల్ హెచ్‌పీ అంటారు.

మెట్రిక్ కొలతలు వాడే యూరప్ దేశాలు 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు ఎత్తడాన్ని ప్రమాణంగా తీసుకున్నాయి. అది 735.5 వాట్లు. మన కార్ల, ట్రాక్టర్ల బ్రోచర్లలో పీఎస్ అని కనిపించేది ఇదే. విద్యుత్ మోటార్ల రంగం కచ్చితంగా 746 వాట్లనే పట్టుకుంది. డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) వ్యవసాయ కనెక్షన్ లోడును కిలోవాట్లలోకి మార్చేటప్పుడు వాడే 0.746 అక్కడిదే. వీటితో సంబంధం లేకుండా బాయిలర్ హెచ్‌పీ అని మరొకటి ఉంది. అది ఆవిరి తయారీకి వాడే వేడి కొలత, ఒక్కొక్కటి 9,809.5 వాట్లు. వంద మెగావాట్ల వేడినిచ్చే బాయిలరు మామూలు హెచ్‌పీలో 1.34 లక్షలైతే, బాయిలర్ హెచ్‌పీలో 10,194 మాత్రమే. పాత ఫ్యాక్టరీల రికార్డులు చూసేవాళ్లు ఈ పదమూడు రెట్ల తేడాను గుర్తుంచుకోవాలి.

అంకె పక్కన హెచ్‌పీ అని మాత్రమే రాసి ఉంటే, అది ఏ హెచ్‌పీయో కనుక్కునే మార్గం ఒకటుంది. అదే యంత్రం కిలోవాట్ల అంకె దొరికితే భాగించి చూడటమే. మన రైళ్లే ఇందుకు మంచి ఉదాహరణ. డబ్ల్యూఏపీ-5 విద్యుత్ ఇంజన్ సామర్థ్యం 4,000 కిలోవాట్లు, రైల్వే చెప్పే హెచ్‌పీ 5,440. నాలుగు వేలను 0.7457తో భాగిస్తే 5,364, 0.7355తో భాగిస్తే 5,438. కాబట్టి అక్కడ వాడింది మెట్రిక్ హెచ్‌పీ. గూడ్సు బళ్లు లాగే డబ్ల్యూఏజీ-9దీ ఇదే కథ: 4,500 కిలోవాట్లు, 6,120 హెచ్‌పీ. మెట్రిక్ లెక్కన 6,118 వస్తుంది, మెకానికల్ లెక్కన 6,035. బీహార్‌లోని మధేపురలో తయారయ్యే డబ్ల్యూఏజీ-12బీని 12,000 హెచ్‌పీ ఇంజన్ అంటారు. దాని 9,000 కిలోవాట్లు మెకానికల్ హెచ్‌పీలో 12,069, మెట్రిక్‌లో 12,237. ఇక్కడి పన్నెండు వేలు చెప్పుకోవడానికి వీలుగా గుండ్రం చేసిన అంకె. అలాంటి అంకెను మళ్లీ కిలోవాట్లలోకి మార్చి ఇంకో లెక్కలో వాడకూడదు.

మోటార్ల నేమ్‌ప్లేట్ల మీదా ఈ గుండ్రం చేయడం ఉంది. 3.7 కిలోవాట్లు - 5 హెచ్‌పీ, 5.5 - 7.5, 7.5 - 10 అని జంటలుగా రాస్తారు. భాగిస్తే 0.74, 0.733, 0.75 వస్తాయి. ఇవి తయారీదారులు పాటించే ప్రామాణిక సైజులు. ఒక జంట నిష్పత్తి పట్టుకుని లక్షల మోటార్లకు హెచ్చవేస్తే మొత్తంలో రెండు శాతం దాకా తేడా వస్తుంది.

సున్నాల దగ్గర జారిపోయేది

పెద్ద అంకెల్లో ఎక్కువ తప్పులు గుణకం దగ్గర జరగవు, సున్నాల దగ్గర జరుగుతాయి. మెగా అంటే పది లక్షలు, గిగా వంద కోట్లు, టెరా లక్ష కోట్లు, పెటా పది కోట్ల కోట్లు. వీటిని మెకానికల్ హెచ్‌పీతో కలిపి ఇలా గుర్తుంచుకోవచ్చు:

1 మెగావాట్ = 1,341 హెచ్‌పీ
1 గిగావాట్ = 13.41 లక్షల హెచ్‌పీ
1 టెరావాట్ = 134.1 కోట్ల హెచ్‌పీ
1 పెటావాట్ = 1.341 లక్షల కోట్ల హెచ్‌పీ

మెట్రిక్ హెచ్‌పీ కావాలంటే 1341 బదులు 1360, విద్యుత్ హెచ్‌పీ కావాలంటే 1340.5 పెట్టుకోవాలి. కాగితం లేనప్పుడు కిలోవాట్లను నాలుగుతో హెచ్చించి మూడుతో భాగిస్తే చాలు. అసలు విలువకన్నా 0.6 శాతం తక్కువ వస్తుంది. 139 మెగావాట్లకు ఈ పద్ధతిలో 1,85,333 వస్తుంది. ప్రతి లక్షకు 580 చొప్పున కలిపితే 1,86,400 దగ్గరికి చేరుతుంది. వెనక్కి రావాలంటే హెచ్‌పీలో ముప్పాతిక వంతు తీసుకుంటే కిలోవాట్లు.

అంకె పరిమాణం తెలియడానికి దేశం మొత్తం లెక్క ఒకటి: 2024 మే 30న దేశంలో విద్యుత్ గరిష్ఠ డిమాండు దాదాపు 250 గిగావాట్లకు చేరింది. 13.41 లక్షలను 250తో హెచ్చిస్తే 33.5 కోట్ల హెచ్‌పీ. జవాబు మూడు కోట్లనో, మూడు వందల కోట్లనో వస్తే ఎక్కడో దశాంశ బిందువు జరిగిందని వెంటనే పట్టుకోవచ్చు. ఇలాంటి ఒకటి రెండు ఆనవాళ్లు మనసులో ఉంటే కాలిక్యులేటర్ చేసే మోసం సగం తగ్గుతుంది.

కంప్యూటర్ షీట్లలో ఎదురయ్యే ప్రమాదాలు వేరు. యూనిట్ కాలమ్‌లో ఇంగ్లిషు పెద్ద ఎం ఉంటే మెగా, చిన్న ఎం ఉంటే మిల్లీ. రెంటి మధ్యా వంద కోట్ల రెట్లు తేడా. అక్షరాలన్నిటినీ ఒకే సైజుకు మార్చే ఆదేశం ఇచ్చినప్పుడు ఈ తేడా మాయమైపోతుంది. రెండోది కామాలు. మిలియన్ల పద్ధతిలో 1,304,814 అని వచ్చిన అంకెను లక్షల పద్ధతిలోకి చేత్తో తిరగరాసేటప్పుడు 13,04,814 బదులు 1,30,48,14 అని రాయడం, దాన్ని మరొకరు కోటీ ముప్పై లక్షలుగా చదవడం జరుగుతుంటుంది. సెల్‌లో ఈ+06 అని కనిపిస్తే ముందున్న అంకెను పది లక్షలతో హెచ్చించాలి. దాన్ని ఆరు సున్నాలు చివర తగిలించమన్నట్టు తీసుకుంటే 1.30 కాస్తా 130 తర్వాత ఆరు సున్నాలవుతుంది.

ఏ చోట కొలిచారు?

అన్నిటికన్నా పెద్ద తేడా ఇక్కడొస్తుంది. సరైన గుణకం పెట్టి, సున్నాలు సరిగా వేసి కూడా ముప్పై శాతం తప్పవచ్చు.

మోటారు మీద రాసిన హెచ్‌పీ దాని షాఫ్టు బయటికి ఇచ్చే శక్తి. అది లైను నుంచి లాగే కరెంటు అంతకన్నా ఎక్కువ. విద్యుత్ కేంద్రం మెగావాట్లు జనరేటర్ దగ్గరి శక్తి. ఈ రెండు చోట్ల మధ్య తీగలు, సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మోటారు వైండింగు ఉన్నాయి. అందుకే వెయ్యి మెగావాట్ల కేంద్రం 13.4 లక్షల హెచ్‌పీ, అంటే 2.68 లక్షల ఐదు హెచ్‌పీ మోటార్లు నడుపుతుందనే వాక్యం నిలబడదు. కేంద్రం గేటు దాటిన వెయ్యి మెగావాట్లలో ప్రసార, పంపిణీ నష్టాలు 12 శాతం అనుకుందాం. బావి దగ్గరికి 880 చేరతాయి. ఐదు హెచ్‌పీ మోటారు సామర్థ్యం (ఎఫిషియెన్సీ) 83 శాతం అనుకుంటే షాఫ్టుకు వచ్చేది 730 మెగావాట్లు. 0.746తో భాగిస్తే 9.79 లక్షల హెచ్‌పీ, అంటే 1.96 లక్షల మోటార్లు. ముందు చెప్పిన దానికీ దీనికీ 72 వేల మోటార్ల తేడా. బొగ్గు కేంద్రమైతే సొంత మిల్లులు, ఫ్యాన్లు, పంపులకు వాడుకునే కరెంటును ఇంకా ముందే తీసెయ్యాలి.

తిరగేసి చూద్దాం. తెలంగాణలో వ్యవసాయ కనెక్షన్లు 25 లక్షలకు పైనే. సగటున ఐదు హెచ్‌పీ అనుకుంటే 1.25 కోట్ల హెచ్‌పీ, షాఫ్టు దగ్గర 9,325 మెగావాట్లు. అన్నీ ఒకే క్షణాన నడిస్తే లైను నుంచి లాగేది 11,235 మెగావాట్లు, ఉత్పత్తి కేంద్రాల గేటు దగ్గర కావలసింది దాదాపు 12,770. అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి వ్యవస్థ నిలబడుతోంది. హెచ్‌పీని 0.746తో గుణించి అదే కరెంటు డిమాండు అని రాసే నివేదికలు ఈ మూడున్నర వేల మెగావాట్లను వదిలేసినట్టే.

ఇదే లెక్క ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంకా తేటగా కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కేవీఏలో (కిలోవోల్ట్-ఆంపియర్లలో) ఉంటుంది, కిలోవాట్లలో కాదు. 25 కేవీఏను నేరుగా 0.746తో భాగించి 33 హెచ్‌పీ అనుకుని ఆరు మోటార్లు తగిలిస్తే అది కాలుతుంది. చేయవలసిన లెక్క ఇది: ఐదు హెచ్‌పీ అంటే 3.73 కిలోవాట్లు. 83 శాతం సామర్థ్యంతో భాగిస్తే లైను నుంచి 4.5 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) 0.8తో భాగిస్తే 5.6 కేవీఏ. నాలుగు మోటార్లకు 22.5 కేవీఏ, ఐదుకు 28. కాబట్టి నాలుగే. ప్రతి మోటారుకూ కెపాసిటర్ బిగించి పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు తెస్తే ఒక్కోదానికి 4.7 కేవీఏ చాలు, ఐదు మోటార్లూ 25 లోపల సర్దుకుంటాయి. కెపాసిటర్ బిల్లు తగ్గించదు కదా అని తీసి పక్కన పడేసే రైతుకు ఈ లెక్క చూపించాలి. ఉచిత కరెంటు ఉన్నచోట కూడా కాలేది ఆయన ట్రాన్స్‌ఫార్మరే.

ఇందులో మరో చిక్కు, నేమ్‌ప్లేటు చెప్పే హెచ్‌పీని నమ్మలేకపోవడం. నీళ్లు ఎక్కువ రావాలని వైండింగు మార్పించిన మోటార్లు ప్లేటు మీద ఐదు చూపిస్తూ ఏడు లాగుతాయి. టాంగ్ టెస్టర్‌తో (తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే మీటరుతో) తేలుతుంది. 415 వోల్టుల దగ్గర ఐదు హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద ఎనిమిది ఆంపియర్ల లోపే తీసుకోవాలి. పదకొండు చూపిస్తే అది ఏడు హెచ్‌పీ పని చేస్తోందని అర్థం. అయితే ఆంపియర్లతోపాటు వోల్టేజీ కూడా చూడాలి. చివరి పొలం దగ్గర 350 వోల్టులే వస్తుంటే, మంచి మోటారు కూడా అదే పని చేయడానికి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది.

రైల్వే ఇంజన్ల పోలికలోనూ కొలిచే చోటు చూడాలి. డీజిల్ ఇంజన్ హెచ్‌పీ సాధారణంగా దాని క్రాంక్‌షాఫ్టు దగ్గరిది. అందులోంచి కంప్రెసర్, రేడియేటర్ ఫ్యాన్, ఆల్టర్నేటర్ నష్టాలు పోగా మిగిలిందే చక్రాలకు. విద్యుత్ ఇంజన్ల అంకె ట్రాక్షన్ మోటార్లది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇది దానికి ఇన్ని రెట్లు అనడం సరికాదు. అణువిద్యుత్ కేంద్రాల్లో ఈ తేడా మూడు రెట్లు. కూడంకుళంలో ఒక్కో రియాక్టరు 3,000 మెగావాట్ల వేడి పుట్టిస్తే 1,000 మెగావాట్ల కరెంటు వస్తుంది. వేడి అంకెను హెచ్‌పీలోకి మారిస్తే 40 లక్షలు, కరెంటు అంకెను మారిస్తే 13.4 లక్షలు.

నీళ్లతో సరిచూడటం

ఎత్తిపోతల అంకెలకు ఒక సుఖముంది. మోటారు ఎన్ని మెగావాట్లో, అది ఎన్ని నీళ్లు ఎంత ఎత్తుకు పోస్తుందో రెండూ తెలిస్తే ఒకదానితో ఒకటి సరిచూడవచ్చు. ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) నీళ్లను 8.8 అడుగులు ఎత్తడానికి సరిగ్గా ఒక హెచ్‌పీ కావాలి. ఘనపుటడుగు నీరు 62.4 పౌండ్లు, 550ని దానితో భాగిస్తే 8.8. కాబట్టి క్యూసెక్కులను అడుగులతో హెచ్చించి 8.8తో భాగిస్తే నీటి హెచ్‌పీ. మెట్రిక్‌లో అయితే సెకనుకు ఘనపు మీటర్లను ఎత్తు మీటర్లతో, 9.81తో హెచ్చిస్తే కిలోవాట్లు.

గాయత్రిలో ఒక్కో పంపు సుమారు 3,150 క్యూసెక్కులను సుమారు 111 మీటర్లు, అంటే 364 అడుగులు ఎత్తుతుంది. లెక్క వేస్తే 1.30 లక్షల నీటి హెచ్‌పీ, 97 మెగావాట్లు. మోటారు 139 మెగావాట్లు. ఈ తేడా చూసి కంగారు పడనక్కర్లేదు. పంపు సామర్థ్యం 90 శాతం అనుకున్నా షాఫ్టు దగ్గర 108 మెగావాట్లు కావాలి. నీరు పైపుల్లో రాపిడికి పోగొట్టుకునే ఎత్తు, సర్జ్‌పూల్‌లో (పంపుల ముందు నీరు చేరే గుంటలో) మట్టం తగ్గినప్పుడు పెరిగే ఎత్తు, వీటన్నిటి మీదా మోటారుకు ఉంచే మార్జిన్ అందులో కలుస్తాయి. నీటి హెచ్‌పీ మోటారు హెచ్‌పీకన్నా ఎక్కువ వస్తే మాత్రం లెక్క తప్పినట్టే. చాలాసార్లు అడుగుల ఎత్తును మీటర్ల సూత్రంలో పెట్టడం అందుకు కారణం. లేదా టీఎంసీలను క్యూసెక్కుల్లోకి మార్చేటప్పుడు పొరపాటు జరుగుతుంది. రోజుకు ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు.

ఒక్క గాయత్రి మోటారు 37 వేల ఐదు హెచ్‌పీ మోటార్లకు సమానం అనే పోలిక షాఫ్టు శక్తి వరకు నిజం. నీళ్ల లెక్కన చూస్తే ఆ పోలిక చాలదు. బోరులో ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ పంపు 50 శాతం సామర్థ్యంతో వంద మీటర్ల లోతు నుంచి సెకనుకు 1.9 లీటర్లు పోస్తుంది. అలాంటివి 37 వేలు కలిసి సెకనుకు దాదాపు 70 ఘనపు మీటర్లు తోడతాయి. అంతే షాఫ్టు శక్తితో 90 శాతం సామర్థ్యమున్న పెద్ద పంపు అదే ఎత్తుకు 127 ఘనపు మీటర్లు పోయగలదు. బోరు పంపుల సామర్థ్యం పెంచాలని ఇంజనీర్లు మొత్తుకునేది ఇందుకే.

యూనిట్లు, తోపుడు బలం

రాష్ట్రంలో నిన్న 240 మిలియన్ యూనిట్ల వాడకం అని వార్త వస్తే దాన్ని హెచ్‌పీలోకి నేరుగా మార్చడం కుదరదు. యూనిట్ (కిలోవాట్-గంట) అంటే వాడిన విద్యుత్తు మొత్తం, హెచ్‌పీ దాన్ని వాడే వేగం. 24 గంటలతో భాగిస్తే సగటున 10,000 మెగావాట్లు, 1.34 కోట్ల హెచ్‌పీ. అది కూడా సగటే. గరిష్ఠం అంతకన్నా ఎక్కువ. సోలార్ పార్కులకు ఇది తిరగబడుతుంది. కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లంటే మిట్టమధ్యాహ్నపు అంకె. రోజంతా సగటు తీస్తే అందులో నాలుగో వంతు దాటడమే కష్టం. 13.4 లక్షల హెచ్‌పీ అని రాస్తే ఏ వేళకో కూడా రాయాలి.

రాకెట్ల విషయంలో ఇంకో మెట్టు ఉంది. శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం-3కి రెండు పక్కలా ఉండే ఎస్-200 ఘన ఇంధన రాకెట్ మోటార్ల గరిష్ఠ తోపుడు బలం ఒక్కోటి సుమారు 5,150 కిలోన్యూటన్లు. అది బలం, శక్తి కాదు. దానికి ఏ గుణకం పెట్టినా హెచ్‌పీ రాదు. బలాన్ని వేగంతో గుణించాలి, ఏ వేగం అన్నది ఇక్కడ కూడా చోటును బట్టి మారుతుంది. వెలువడే వాయువుల వేగం సెకనుకు సుమారు 2,700 మీటర్లు తీసుకుని, ఆ జెట్‌లో ఉన్న శక్తి లెక్కకట్టాలంటే బలం, వేగాల లబ్ధంలో సగం: దాదాపు 6.95 గిగావాట్లు, 93 లక్షల హెచ్‌పీ. రాకెట్‌కు అందే శక్తి కావాలంటే రాకెట్ వేగంతోనే హెచ్చించాలి. ప్యాడ్ మీంచి కదిలే క్షణంలో ఆ వేగం సున్నా. కాబట్టి మంటలు ఎంత ఎగసినా రాకెట్‌కు అందే హెచ్‌పీ ఆ క్షణాన సున్నాయే. సెకను సెకనుకూ అది పెరుగుతుంది. ఈ రెంటిలో ఏది చెబుతున్నారో రాయకుండా రాకెట్ల హెచ్‌పీని చెప్పే అంకెలను పోల్చడానికి వాడకూడదు.

జవాబు రాసేటప్పుడు ఎన్ని అంకెలు ఉంచాలన్నది మొదటి అంకె చెబుతుంది. 139కి ఉన్నవి మూడు అంకెలు. దాని నుంచి వచ్చిన 1,86,402లో చివరి మూడు అంకెలకు విలువ లేదు, 1.86 లక్షల హెచ్‌పీ అంటే చాలు. గుండ్రం చేయడం అన్నిటికన్నా చివరి పని. ఏడు మోటార్ల మొత్తం కావాలంటే ముందు 973 మెగావాట్లు కట్టి, ఆ తర్వాతే మార్చి 13.05 లక్షలు అనాలి. 1.86ని ఏడుతో హెచ్చిస్తే 13.02 వస్తుంది. మధ్యలో పోయిన మూడు వేల హెచ్‌పీ ఏ మోటారుదో ఆ తర్వాత ఎంత వెతికినా దొరకదు.